వరుసగా రెండు నాకౌట్లు, చేతిలో ఇంకో ఫైట్ ఆఫర్: ఆడాలా, ఆపాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇది. మీకు 31 ఏళ్లు, ఉండేది విజయవాడ పటమటలో. కాలేజీ రోజుల్లో బాక్సింగ్ ఆడి, ఆ తర్వాత ప్రొఫెషనల్ ఎంఎంఏలోకి, అంటే గుద్దులూ తన్నులూ కుస్తీ పట్లూ అన్నీ కలిసిన పోటీల్లోకి వచ్చారు. ఫెదర్‌వెయిట్, అంటే 65.8 కిలోల తరగతి. చివరి మూడు ఫైట్లూ ఓడిపోయారు. వాటిలో ఆఖరి రెండూ నాకౌట్లు, రెండోది జరిగి ఇంకా మూడు నెలలు కాలేదు. ఎవరో గాయపడ్డారని, మూడు వారాల్లో ఫైట్ ఉందని, వస్తారా అని ఒక ప్రమోటర్ అడిగాడు. ఒక్క గెలుపు పడితే మళ్లీ లైన్లోకి వస్తావని కోచ్ అంటున్నారు. మీ ఆవిడ వద్దంటున్నారు. ఈ రోజు మీ బరువు 74 కిలోలు. ఆపేస్తే, బీకామ్ డిగ్రీ ఉండి ఇన్నేళ్లూ ఫైట్లు తప్ప వేరే పని చేయని మనిషికి ఏం దొరుకుతుందన్నది మీ రెండో ప్రశ్న.

మొదటిదానికి జవాబు: ఈ ఫైట్ ఒప్పుకోవద్దు. రికార్డు బాగోలేదని కాదు, వయసైపోయిందనీ కాదు. రెండు నాకౌట్ల తర్వాత, ఇంత తక్కువ టైంలో, ఇంత బరువు దించుకుని కేజ్‌లోకి, అంటే ఫైట్ జరిగే కంచె లోపలికి వెళ్లకూడదు. ఇక మొత్తానికే ఆపాలా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు మీ నోటి నుంచి రాకూడదు, మీ కోచ్ నోటి నుంచీ రాకూడదు. ఎవరి నోటి నుంచి రావాలో కింద రాస్తాను.

రెండోదానికి: పని దొరుకుతుంది. కాకపోతే ఫైటర్‌గా మీకున్న పేరు చూసి దొరకదు. మీరు కాలేజీలో ఆడి మర్చిపోయిన బాక్సింగ్ సర్టిఫికెట్లు, పక్కన పెట్టేసిన డిగ్రీ, ఇవే మీకు అక్కరకొస్తాయి.

నేను గుంటూరులో కోచింగ్ ఇస్తుంటాను. అంతకు ముందు ప్రొఫెషనల్‌గా ఆడాను, బాంటమ్‌వెయిట్, కొన్ని ఫైట్లు ఫ్లైవెయిట్‌లో, రెండూ మీకంటే తక్కువ బరువు తరగతులే. నా దగ్గర నేర్చుకుని ప్రొఫెషనల్ అయినవాళ్లున్నారు, ఆపేసినవాళ్లున్నారు, ఆపలేక ఇబ్బంది పడ్డవాళ్లూ ఉన్నారు. ఈ మూడు రకాలవాళ్లనూ దగ్గర నుంచి చూశాక రాస్తున్న మాటలివి.

ముందు తల సంగతి.

నాకౌట్ అంటే చాలామంది స్పృహ తప్పడమే అనుకుంటారు. స్పృహ తప్పకపోయినా కంకషన్, అంటే దెబ్బకు మెదడు అదిరిపోవడం, అవుతుంది. రిఫరీ ఆపిన టీకేఓలో కూడా అవుతుంది, జిమ్‌లో సాధన కోసం ఆడే స్పారింగ్‌లోనూ అవుతుంది. ఒకసారి గట్టిగా తగిలాక మెదడు కోలుకోవడానికి టైం కావాలి. ఆ టైం ఇవ్వకుండా రెండో దెబ్బ తింటే, మొదటి దెబ్బకంటే తేలికైనది కూడా మనిషిని పడేస్తుంది. మొదటి దెబ్బ మానకముందే రెండోది పడి మెదడు వాచిపోయే పరిస్థితి ఒకటుంది. అది అరుదు, కానీ ప్రాణం తీస్తుంది. అమెరికాలో అథ్లెటిక్ కమిషన్లు నాకౌటైన ఫైటర్‌ను వారాల నుంచి నెలల దాకా సస్పెండ్ చేస్తాయి, ఆ గడువులో కొంతకాలం స్పారింగ్ కూడా చేయనివ్వవు. మన దేశంలో ఎంఎంఏకి అలాంటి ప్రభుత్వ కమిషన్ లేదు. కొందరు ప్రమోటర్లు తమంతట తాము జాగ్రత్తలు తీసుకుంటారు, కొందరు తీసుకోరు. అంటే మీకు సస్పెన్షన్ వేసే అధికారి లేడు. మీ ఇంట్లోవాళ్లే వేయాలి.

మా జిమ్‌కి మంగళగిరి నుంచి వచ్చే కుర్రాడు ఒకడుండేవాడు. మంచి రెజ్లర్, చేతుల్లో బలం ఉన్నవాడు. నాకౌటై తిరిగొచ్చాక ఒక సాయంత్రం స్పారింగ్‌లో జాబ్ (ముందు చేత్తో వేసే తేలికపాటి గుద్దు) తగిలింది. నా కళ్ల ముందే తగిలింది, పదహారు ఔన్సుల గ్లవ్‌తో, దూరం కొలవడానికి వేసిన జాబ్. మోకాళ్లు వదిలేశాయి, అలాగే కూర్చుండిపోయాడు. లేచి నవ్వాడు, కాలు జారిందన్నాడు. నేను గ్లవ్స్ విప్పించి, మౌత్‌గార్డ్ తీయించి, ఇప్పుడు ఎన్నో రౌండ్ అని అడిగాను. చెప్పలేకపోయాడు. తర్వాత వాళ్ల నాన్నగారితో మాట్లాడితే అసలు సంగతులు బయటికొచ్చాయి. నెల రోజులుగా పొద్దున లేవగానే తలనొప్పట, బండి మీద రోజూ వెళ్లే దారిలో మలుపు దాటి ముందుకెళ్లిపోతున్నాడట, చెల్లెలి మీద ఊరికే విసుక్కుంటున్నాడట. జిమ్‌లో ఇవేవీ ఎవరికీ తెలియవు. జిమ్‌లో మనందరం బాగానే ఉన్నట్టు కనిపిస్తాం.

అందుకే ఈ ప్రశ్నలు మీకు కాదు, మీ ఆవిడకు వేయండి. నిద్ర మారిందా? ఒకే విషయం రెండుసార్లు చెబుతున్నారా? లైటు వెలుతురుకీ, పిల్లల అల్లరికీ చిరాకు పెరిగిందా? మాట తడబడుతోందా? చిన్న విషయాలకు కోపం వస్తోందా? వీటిలో ఏ ఒక్కదానికి ఆవిడ అవునన్నా, ముందు న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. సూర్యారావుపేటలో న్యూరో డాక్టర్లకు కొదవ లేదు. వెళ్లినప్పుడు 'తలనొప్పండీ' అని ఊరుకోకండి. ప్రొఫెషనల్ ఫైటర్నని, ఏ తేదీల్లో నాకౌటయ్యానో, స్పారింగ్‌లో వారానికి ఎన్ని రౌండ్లు ఆడతానో, అన్నీ కాగితం మీద రాసుకెళ్లి చూపించండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఎంఆర్ఐ నార్మల్ వచ్చిందంటే ఆడొచ్చని అర్థం కాదు. కంకషన్‌లో స్కానింగ్ చాలావరకు మామూలుగానే వస్తుంది. లోపల రక్తస్రావం లాంటివి లేవని తెలుసుకోవడానికి అది ఉపయోగపడుతుంది, అంతవరకే. దెబ్బలు ఏళ్ల తరబడి పేరుకుంటే వచ్చే సీటీఈ అనే జబ్బునైతే బతికుండగా ఖాయంగా నిర్ధారించే పరీక్షే ఇప్పటికీ లేదు, చనిపోయాక మెదడును పరీక్షించి చెబుతారు. కాబట్టి 'రిపోర్టు క్లీన్‌గా ఉంది, వెళ్లి ఆడు' అని కోచ్ అన్నా, ప్రమోటర్ అన్నా, అది సగం సమాచారంతో చెప్పే మాట.

కళ్లు కూడా చూపించుకోండి. కంట్లో చుక్కలు వేసి, కనుపాప పెద్దదయ్యాక చేసే రెటీనా పరీక్ష అడగండి. తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉంది, మీకు దగ్గరే. పక్క నుంచి మెరుపులు, నల్లచుక్కల గుంపు, తెర దించినట్టు ఒక మూల చీకటి, ఈ మూడింటిలో ఏది కనిపించినా అదే రోజు వెళ్లాలి.

కన్ను మాట వచ్చింది కాబట్టి, అమెరికాలోని పెద్ద ఎంఎంఏ సంస్థ యూఎఫ్‌సీలో ఆడిన ఇంగ్లండ్ ఫైటర్ మైఖేల్ బిస్పింగ్ గురించి చెప్పాలి, ఆయన కథ మీ ఆఫర్‌కి చాలా దగ్గరగా ఉంటుంది. 2013లో విటోర్ బెల్‌ఫోర్ట్‌తో ఫైట్ తర్వాత బిస్పింగ్ కుడికంటి రెటీనా దెబ్బతింది. ఆ కంటితో సరిగా కనిపించకుండానే 2016 జూన్‌లో, షార్ట్ నోటీస్ మీద, అంటే కొద్ది రోజుల ముందు పిలిస్తే వెళ్లి, ల్యూక్ రాక్‌హోల్డ్‌ని నాకౌట్ చేసి మిడిల్‌వెయిట్ చాంపియన్ అయ్యాడు. షార్ట్ నోటీస్ ఫైట్లు ఎంత గొప్పగా ఉంటాయో చెప్పడానికి కోచ్‌లందరూ ఈ కథే చెబుతారు. మిగతా సగం చెప్పరు. 2017 నవంబరు 4న జార్జ్ సెయింట్ పియర్ చేతిలో బిస్పింగ్ ఓడాడు, చోక్‌లో, అంటే మెడ బిగించే పట్టులో, స్పృహ తప్పింది. సరిగ్గా మూడు వారాలకే షాంఘైలో వేరొకరి బదులు ఫైట్ ఒప్పుకుని కెల్విన్ గాస్టెలమ్ ముందు నిలబడ్డాడు. మొదటి రౌండ్‌లోనే నాకౌట్. ఆ తర్వాత బాగున్న ఎడమ కంట్లో కూడా తేడా మొదలయ్యేసరికి 2018లో రిటైరయ్యాడు. ఒక షార్ట్ నోటీస్ ఫైట్‌తో బెల్ట్ వచ్చింది, ఇంకోదానితో కెరీర్ అయిపోయింది. రెండింటికీ ఆయన ఒకే ధైర్యంతో ఒప్పుకున్నాడు. మొదటిసారి ఆయన వరుస గెలుపుల మీద ఉన్నాడు, రెండోసారి తాజా ఓటమి మీద ఉన్నాడు. మీరు ఇప్పుడు దేని మీద ఉన్నారో మీకు తెలుసు.

షాంఘైలో ఆ రోజు జరిగిన ఫైట్లలోనే మన భరత్ కండారే కూడా ఆడాడు. భారత్‌లో పుట్టి యూఎఫ్‌సీలో అడుగుపెట్టిన మొదటి ఫైటర్. సాంగ్ యాడాంగ్ అనే కుర్రాడి గిలటిన్ చోక్‌కి మొదటి రౌండ్‌లోనే ఓడిపోయాడు. ఆ కుర్రాడు తర్వాత బాంటమ్‌వెయిట్‌లో పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

'ఇప్పుడే కదా మనవాళ్లకు తలుపులు తెరుచుకున్నది' అని మీరు రాశారు. నిజమే. అన్షుల్ జుబ్లీ రోడ్ టు యూఎఫ్‌సీ అనే ఎంపిక టోర్నమెంట్ గెలిచి 2023లో కాంట్రాక్టు తెచ్చుకున్నాడు. పూజా తోమర్ 2024 జూన్‌లో యూఎఫ్‌సీలో గెలిచిన మొదటి భారతీయురాలైంది. ఆ రెండు రోజులూ మా జిమ్‌లో పిల్లలు తెల్లవారుజామునే వచ్చి ఫోన్ల చుట్టూ కూర్చున్నారు, నాకూ కళ్లు చెమర్చాయి. కానీ జుబ్లీ ఆ తలుపు దగ్గరికి ఓటమి లేని రికార్డుతో వెళ్లాడు. మూడు ఓటములతో వెళ్లేవాళ్లకు ఆ తలుపు తీయరు. ఒక గెలుపు పడితే తీస్తారా అంటే, తీయరు. వరుసగా నాలుగైదు గెలవాలి. అంటే మీరు ఇప్పుడు ఆలోచించాల్సింది ఈ ఒక్క ఫైట్ గురించి కాదు, ఇంకో రెండు మూడేళ్ల పాటు తల మీద పడబోయే దెబ్బల గురించి.

ఇక బరువు. 74 నుంచి 65.8కి రావాలంటే ఎనిమిది కిలోల పైన దించాలి, మూడు వారాల్లో, అదీ మన ఎండల్లో. బెజవాడ వేసవిలో చెమట సూట్ వేసుకుని పరుగెత్తే కుర్రాళ్లను నేను చూశాను, మీరూ చేసే ఉంటారు. కొవ్వు మూడు వారాల్లో కొంతే దిగుతుంది. మిగతాదంతా నీళ్లు. ఒంట్లో నీళ్లు అంతగా లాగేస్తే కిడ్నీల మీద పడుతుంది, గుండె లయ తప్పుతుంది, ఉప్పూ పొటాషియం అదుపు తప్పుతాయి. 2015 డిసెంబరులో ఫిలిప్పీన్స్‌లో వన్ చాంపియన్‌షిప్ అనే సంస్థ ఫైట్ కోసం బరువు దించుతూ యాంగ్ జియాన్‌బింగ్ అనే చైనా ఫైటర్ చనిపోయాడు. 21 ఏళ్లు. ఆ తర్వాతే ఆ సంస్థ నీళ్లు లాగి బరువు దించడాన్ని నిషేధించింది, మూత్రపరీక్షతో ఒంట్లో నీటి శాతం చూడడం మొదలుపెట్టింది. బరువు చూశాక ఫైట్‌కి ముందుండే ఒక్క రోజులో తాగిన నీళ్లు మెదడు దాకా పూర్తిగా చేరకపోవచ్చని డాక్టర్లు హెచ్చరిస్తారు. అంటే ఇప్పటికే దెబ్బతిన్న తలను, ఎండిపోయిన ఒంటితో తీసుకెళ్లి, గుద్దుల ముందు పెడుతున్నారన్నమాట. ఈ రెండూ కలవడమే ఈ ఆఫర్‌లో నాకు అన్నిటికంటే భయం వేసిన విషయం.

మరి ఎప్పుడు ఆపాలో ఎవరు చెప్పాలి?

నా అభిప్రాయం ఇది: ఫైటర్ చెప్పలేడు. చెప్పకూడదు కూడా. ఎందుకంటే గెలిచినప్పుడు 'ఇప్పుడెందుకు ఆపడం' అంటాం, ఓడినప్పుడు 'ఇలా ఎలా ఆపడం' అంటాం. రెండు మాటలూ నిజాయితీగానే అంటాం. కోచ్ కూడా చెప్పలేడు. మంచి కోచైనా సరే, మిమ్మల్ని పెంచిన మనిషి, మీ గెలుపులో తన గెలుపు చూసుకునే మనిషి. పైగా ఫీజులో ఆయనకు వాటా ఉంటుంది. ప్రమోటర్ సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి మీ ఫైట్ మీద రూపాయి రాని, మీ మొహం రోజూ చూసే ఒక్క మనిషికి ఆ అధికారం ముందే ఇచ్చేయాలి. గెలుస్తున్న రోజుల్లోనే ఇవ్వాలి. అలా ఇవ్వకుండా ఇప్పటిదాకా వచ్చారు కాబట్టి, ఇవాళే ఇవ్వండి.

నేను మా పెద్దక్కకు ఇచ్చాను. ఆవిడ నర్సు. నేను బాగా గెలుస్తున్న రోజుల్లోనే ఒక నోటుపుస్తకంలో ఇద్దరం కలిసి షరతులు రాసుకున్నాం. ఏడాదిలో రెండుసార్లు నాకౌటైతే ఆపేయాలి. చేతిలో తిమ్మిరి వచ్చి తగ్గకపోతే ఆపేయాలి. అక్క కారణం చెప్పకుండా వద్దన్నా ఆపేయాలి. నాకు ఆఖరికి మెడ దగ్గర డిస్క్ ఇబ్బంది పెట్టింది, ఎడమచేతి వేళ్లు మొద్దుబారేవి. కప్పు పట్టుకుంటే పట్టు తెలిసేది కాదు. అక్క ఆ పుస్తకం తీసి రెండో షరతు మీద వేలు పెట్టింది. నాకు చాలా కోపం వచ్చింది, కొన్నాళ్లు మాట్లాడలేదు కూడా. అయినా ఆపాను, ఎందుకంటే కింద నా సంతకం ఉంది.

యూఎఫ్‌సీ లైట్‌వెయిట్ మాజీ చాంపియన్, రష్యా ఫైటర్ ఖబీబ్ నుర్మగొమెదోవ్ కథ మీకు తెలిసే ఉంటుంది. తండ్రి అబ్దుల్‌మనాప్ 2020 జులైలో పోయారు. ఆయనే కోచ్. అక్టోబరు 24న అబుదాబీలో జస్టిన్ గేట్జీని రెండో రౌండ్‌లో ట్రయాంగిల్ చోక్‌తో ఓడించి, కేజ్ మధ్యలోనే రిటైరయ్యానన్నాడు. నాన్న లేకుండా ఇంక ఆడనని అమ్మకు మాటిచ్చానన్నాడు. 29 ఫైట్లు, 29 గెలుపులు. అందరూ ఆ 29 గురించే మాట్లాడతారు. నాకు మాత్రం, ఎన్ని కోట్లు ఆశపెట్టినా ఆ మాట తల్లి దగ్గర ఉండిపోవడం గొప్పగా అనిపిస్తుంది. తర్వాత ఆయన కోచింగ్‌లోకి వచ్చాడు. 2022లో ఇస్లామ్ మఖచెవ్ అదే లైట్‌వెయిట్ బెల్ట్ గెలిచినప్పుడు కార్నర్‌లో, అంటే రౌండ్ల మధ్య సలహాలిచ్చే చోట, ఉన్నది ఖబీబే.

యూఎఫ్‌సీ మాజీ చాంపియన్ చక్ లిడెల్‌ది దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2008 నుంచి 2010 దాకా మూడు వరుస నాకౌట్లు, రషాద్ ఎవాన్స్, షోగన్ రువా, రిచ్ ఫ్రాంక్లిన్ చేతుల్లో. అప్పుడు యూఎఫ్‌సీ ప్రెసిడెంట్ డేనా వైట్ పట్టుబట్టి ఆపించి కంపెనీలో ఉద్యోగం ఇచ్చాడు. అక్కడిదాకా బాగానే ఉంది. 2016లో యూఎఫ్‌సీ చేతులు మారింది, కొత్త యజమానుల హయాంలో ఆ ఉద్యోగం పోయింది. 2018 నవంబరులో, 48 ఏళ్ల వయసులో, లిడెల్ మళ్లీ కేజ్‌లోకి వచ్చాడు. ఎదుట టిటో ఓర్టిజ్, అంతకు ముందు తను రెండుసార్లు ఓడించిన మనిషే. మొదటి రౌండ్‌లోనే నాకౌటయ్యాడు. వెనక్కి రావడానికి ఒక్క కారణమే ఉందని నేననను. కానీ చేతిలో పని లేని రిటైర్డ్ ఫైటర్‌కి ఫోన్ వస్తే కాదనడం చాలా కష్టం. ఇది మా దగ్గరా చూశాను. ఆపడం ఎంత ముఖ్యమో, ఆపిన మర్నాడు పొద్దున ఆరింటికి వెళ్లడానికి ఒక చోటుండడం అంతే ముఖ్యం.

డబ్బు గురించి త్వరగా చెప్పేస్తాను. ఫైట్ ఫీజు రెండు ముక్కలుగా ఉంటుంది, వచ్చి ఆడినందుకు ఒకటి, గెలిస్తే ఇంకోటి. ఈ ఆఫర్‌లో మొదటిదే లెక్కలోకి తీసుకోండి. అందులోంచి కోచ్ వాటా, రక్తపరీక్షలు, రెండో కార్నర్‌మన్ టికెట్, మూడు వారాల తిండీ ఫిజియో ఖర్చూ తీసేయండి. టీడీఎస్ కోసి ఇస్తారు, రిటర్న్ వేస్తే వెనక్కి వచ్చేదాన్ని మనవాళ్లు చాలామంది వదిలేస్తారు, మీరు బీకామ్ కాబట్టి వదలకండి. మిగిలిన అంకె కాగితం మీద రాసి మీ ఆవిడకు చూపించండి. ఇంకో ముఖ్యమైన మాట: మామూలు హెల్త్ పాలసీ మీ ఫైట్ గాయానికి పనికి రాకపోవచ్చు. ప్రమాదకరమైన క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొని తెచ్చుకున్న గాయాలకు చెల్లించబోమని మన పాలసీల్లో ఒక షరతు ఉంటుంది. మీ పాలసీ తీసి ఆ పేజీ చదవండి. ప్రమోటర్‌ని ఇన్సూరెన్స్ ఉందా అని అడిగితే ఉందంటాడు. కాపీ పంపమనండి.

పెన్షన్ అన్న మాట మన దగ్గర లేదు. అమెరికాలో కూడా ఫైటర్లు ఉద్యోగులు కారు, కాంట్రాక్టర్లు. కాలిఫోర్నియా రాష్ట్రం ఒక్కటే 2023లో చట్టం చేసి ఎంఎంఏ ఫైటర్లకు రిటైర్మెంట్ నిధి పెట్టింది. అక్కడే ఇప్పుడిప్పుడు మొదలైందంటే మన దగ్గర ఎప్పటికొస్తుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు పని సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీ అసలు భయం ఇక్కడే ఉంది.

అందరికీ మొదట తట్టేది సొంత జిమ్. పెట్టొచ్చు, కానీ ఆపిన వెంటనే వద్దు. మన ఊళ్లలో ఈ వ్యాపారానికి ఒక క్యాలెండర్ ఉంది. సంక్రాంతి దాటిందంటే ఇంటర్ పిల్లలు మాయమవుతారు, పరీక్షలు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సాయంత్రం బ్యాచ్‌లో మ్యాట్ ఖాళీగా కనిపిస్తుంది, అద్దె మాత్రం ఖాళీగా ఉండదు. ఏప్రిల్ నుంచి సమ్మర్ క్యాంప్ పిల్లలతో నిండిపోతుంది, జూన్‌లో స్కూళ్లు తెరిచాక వాళ్లలో కొద్దిమందే నిలుస్తారు. ఏడాది పొడవునా ఫీజు కట్టేది ఫైటర్లు కాదు. బరువు తగ్గడానికి వచ్చే ఉద్యోగులు, పొద్దున ఐదున్నర బ్యాచ్‌కి వచ్చే బ్యాంకువాళ్లు, సెల్ఫ్ డిఫెన్స్ నేర్చుకునే ఆడపిల్లలు. వాళ్లకు మీ రికార్డు అక్కర్లేదు. జిమ్ శుభ్రంగా ఉందా, సారు మర్యాదగా మాట్లాడతాడా, దెబ్బలు తగలకుండా నేర్పుతాడా, ఇవే చూస్తారు. మన ఉక్కపోతకు మ్యాట్లు రోజూ రెండుపూటలా క్రిమిసంహారక మందుతో తుడవకపోతే నెల తిరిగేలోపు సగం బ్యాచ్‌కి తామర అంటుకుంటుంది. ఒక్క పిల్లకి మెడ మీద మచ్చ కనిపిస్తే వాళ్లమ్మ ఇంకో పదిమంది అమ్మలకు చెబుతుంది. లక్ష్మీపురంలో నాకు తెలిసిన జిమ్ ఒకటి ఇలాగే మూతపడింది. నేర్పే ఆయన నిజంగా మంచి ఫైటర్. నేల తుడిచే మనిషిని మాత్రం పెట్టుకోలేదు.

అందుకని ముందు ఇంకొకరి జిమ్‌లో ఏడాది పాటు జీతానికి పనిచేయండి. పొద్దున తలుపు తీయడం, ఫీజు రసీదు రాయడం, ఏడ్చే పిల్లాణ్ణి సముదాయించడం, అన్నీ చేయండి. ప్యాడ్స్ పట్టడం మీకొచ్చు. రానివాడికి ఓపిగ్గా నేర్పడం వేరే విద్య, అది నేర్చుకోవాలి.

రెండో దారి కాగితాల దారి. నాకు ఇదే ఎక్కువ నమ్మకం. ఎంఎంఏ రికార్డు ఎంత పెద్దదైనా ప్రభుత్వ లెక్కలో దానికి విలువ తక్కువ. కానీ మీరు యూనివర్సిటీ తరఫున బాక్సింగ్ ఆడానన్నారు. ఆ సర్టిఫికెట్లు వెతకండి. రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడి ఉంటే ఒక ఫారం, యూనివర్సిటీ తరఫున ఆడి ఉంటే ఇంకో ఫారం, ఇలా ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకు వేర్వేరు ఫారాలుంటాయి, సంతకాలు ఎవరివి ఉండాలో కూడా ఉంటుంది. అసోసియేషన్‌లో పాత సెక్రటరీలు మారిపోకముందే వెళ్లి కలవండి. డిగ్రీ ఉంది కాబట్టి పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్‌లో బాక్సింగ్ కోచింగ్ డిప్లొమాకి ప్రయత్నించొచ్చు. ఏడాది కోర్సు. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది, అది చేస్తే స్కూళ్లలో, అకాడమీల్లో కోచ్‌గా అడుగుపెట్టడానికి చాలు. లేదంటే ఏపీ పీఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి, వ్యాయామ విద్య డిగ్రీ బీపీఈడీ చేయండి, రెండేళ్లు. మనకు నాగార్జున యూనివర్సిటీలోనే వ్యాయామ విద్య కాలేజీ ఉంది. దేహదారుఢ్య పరీక్షలో మీలాంటివాళ్లకు ఇబ్బంది ఉండదు. మా దగ్గర ఆడి ఆపేసిన ఒకతను బీపీఈడీ చేసి ఇప్పుడు తెనాలి దగ్గర స్కూల్లో పీఈటీ. పొద్దున ప్రేయర్‌కి విజిల్ వేస్తాడు, సాయంత్రం ఊరి పిల్లలకు జూడో నేర్పుతాడు. మొన్న సంక్రాంతికి కలిస్తే మనిషి ముఖంలో వెలుగు కనిపించింది.

సినిమా ఫైట్ల గురించి కూడా కొందరు చెబుతారు. హైదరాబాద్ వెళ్లాలి, యూనియన్ కార్డు కావాలి, పని రోజువారీ, పైనుంచి దూకడాలూ పడడాలూ ఉంటాయి. దెబ్బతిన్న తలతో నేను పంపను. పబ్బుల్లో, ఫంక్షన్లలో బౌన్సర్ పనికీ పంపను. అక్కడ రిఫరీ ఉండడు, సీసాతో కొట్టేవాడుంటాడు. రిఫరీగా, జడ్జిగా శిక్షణ తీసుకోవడం మాత్రం మంచి ఆలోచన. అనుభవమున్న రిఫరీలు మనకు చాలా తక్కువ, సరైన సమయానికి మధ్యలోకి దూకి ఆపే మనిషి దొరికితే ఎంతమంది కుర్రాళ్లు బతికిపోతారో కేజ్‌లో పడినవాళ్లకే తెలుసు.

ఆపాక ఒళ్లు ఊరుకోదు. అది కూడా ముందే తెలుసుకోండి. రెండు మూడు నెలలు సాయంత్రం నాలుగయ్యేసరికి కాలు నిలవదు, తిండి మాత్రం ఫైటర్ తిండే తింటారు, బరువు పెరిగిపోతారు. శిక్షణ మానేయకండి, తలకు దెబ్బ తగిలే శిక్షణ మానేయండి. డాక్టర్ సరేనన్నాక గ్రాప్లింగ్, అంటే గుద్దులు లేని పట్ల ఆట చేయండి, జిజిత్సు టోర్నమెంట్లలో పాల్గొనండి. పోటీ ఆకలి దాంతో చాలావరకు తీరుతుంది, ట్యాప్ చేసి, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకుని, లేచి ఇంటికెళ్లొచ్చు. నాలుగింటి టైంలో పిల్లల బ్యాచ్ ఒకటి ఒప్పుకుంటే ఇంకా మంచిది.

ఈ సమాధానం చదివే మిగతా ఫైటర్లకు ఒక మాట. మూడు ఫైట్లు ఓడితే ఆపేయాలని నేను చెప్పట్లేదు. పాయింట్ల మీద ఓడినా, చోక్‌కి ట్యాప్ చేసి ఓడినా తల బాగానే ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి ఓటములను సరిదిద్దుకుని మళ్లీ పైకొచ్చినవాళ్లు చాలామంది. బీజే పెన్ లాంటి రెండు వెయిట్ల చాంపియన్ యూఎఫ్‌సీలో వరుసగా ఏడు ఓడేదాకా ఆడుతూనే ఉన్నాడు, అది వేరే రకం విషాదం. కానీ ఇక్కడ నేను చూస్తున్నది గెలుపోటముల లెక్క కాదు, నాకౌట్ల మధ్య ఉన్న రోజుల లెక్క. ఇదే మనిషి ఆర్నెల్లు తలకు దెబ్బ లేకుండా ఉండి, న్యూరాలజిస్ట్ ఒప్పుకుని, ఇంట్లోవాళ్లు ఒప్పుకుని, లైట్‌వెయిట్‌లో బరువు పెద్దగా దించకుండా ఆడతానంటే నా జవాబు ఇంత కఠినంగా ఉండేది కాదు.

ప్రమోటర్‌కి ఏం చెప్పాలని అడిగారు. ఎక్కువ చెప్పొద్దు. 'మెడికల్‌గా ఆగాను, డాక్టర్ క్లియరెన్స్ లేకుండా ఆడను' అని మెసేజ్ పెట్టండి. ఫోన్‌లో మాట్లాడితే ఆయన ఒప్పిస్తాడు, ఒప్పించడమే ఆయన పని. కోచ్‌కి మాత్రం మెసేజ్ పెట్టొద్దు, ఎదురుగా వెళ్లి చెప్పండి, మీ ఆవిణ్ణి కూడా తీసుకెళ్లండి. ఇన్నేళ్లు పెంచిన మనిషి, కోప్పడతారు. కోపం తగ్గాక మీకు అసిస్టెంట్ కోచ్ పని ఇప్పించగలిగేది కూడా ఆయనే. న్యూరో, రెటీనా రిపోర్టులు వచ్చాక డాక్టర్ ఏమన్నారో ఇక్కడ రాయండి, ఆ తర్వాతి సంగతి అప్పుడు మాట్లాడుకుందాం. ఎన్ఐఎస్‌కి మీ పాత బాక్సింగ్ సర్టిఫికెట్లు సరిపోతాయో లేదో కూడా, అవి దొరికాక కలిసి చూద్దాం.